పియానో మూల నుంచి చూసిన బ్యాలే

మీరు మొదటిసారి ఒక పూర్తి బ్యాలే, ‘స్వాన్ లేక్’, థియేటర్‌లో చూశారు. బాగానే ఉంది గానీ పక్క సీట్లవాళ్లు కళ్లు తుడుచుకుంటున్న చోట మీకేమీ అనిపించలేదు. మునివేళ్ల మీద నిలబడటం, గిరగిరా తిరగడం కష్టమని తెలుస్తోంది, మరి అందరూ పొగిడే ఆ కళ ఎక్కడుంది, దాన్ని చూడటం నేర్చుకోగలమా, రిహార్సల్స్ చూస్తే ఏమైనా ఉపయోగమా అని అడిగారు. చాలామందికి వచ్చే సందేహమే ఇది. బయటికి అడిగేవాళ్లు తక్కువ.

నేర్చుకోవచ్చండి. రిహార్సల్స్ చూస్తే ఇంకా త్వరగా వస్తుంది.

నేను డాన్సర్‌ని కాదు. ఇరవై రెండేళ్లుగా బ్యాలే కంపెనీలో పొద్దున క్లాసుకీ, ఆ తర్వాత రిహార్సల్స్‌కీ పియానో వాయిస్తున్నాను. స్టూడియోలో పియానో ఒక మూలన, పెద్ద అద్దానికి దగ్గరగా ఉంటుంది. డాన్సర్లు అద్దంలో తమని తాము చూసుకుంటుంటే వాళ్ల ముఖాలు నాకు ఎదురుగా ఉంటాయి. చేతులు పియానో మీద ఉన్నా కళ్లు మాత్రం వాళ్ల మీదే ఉండాలి, ఎందుకంటే నేను వాయించేది వాళ్ల ఊపిరికి సరిపోవాలి. ఇన్నేళ్లలో నాకు గట్టిగా అనిపించింది ఒక్కటే. బ్యాలేలో కళంతా కాలాన్ని వాడుకోవడంలో ఉంది. డాన్సర్లు సంగీతాన్ని ఒకటి నుంచి ఎనిమిది దాకా, మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకుంటారు. అందరికీ అవే ఎనిమిది లెక్కలు, అవే అడుగులు. ఆ ఎనిమిదిలో ఎక్కడ నిలిచారు, ఎక్కడ రవ్వంత ఆలస్యం చేశారు, ఒక అడుగు పూర్తి కాకముందే తర్వాతి అడుగు ఒంట్లో ఎక్కడ మొదలైంది అన్న దగ్గరే ఒక డాన్సర్‌కీ ఇంకో డాన్సర్‌కీ తేడా వస్తుంది.

కంపెనీలో రోజు క్లాసుతో మొదలవుతుంది. ముఖ్య పాత్రలు వేసేవాళ్లూ, నిన్నగాక మొన్న చేరినవాళ్లూ ఒకే కమ్మీ పట్టుకుని నిలబడతారు. దాన్ని బార్ అంటారు. ముందు ప్లియే, అంటే మోకాళ్లను పక్కలకు తెరిచి నెమ్మదిగా వంచడం. తర్వాత టాండ్యూ, అంటే పాదాన్ని నేల మీద రాస్తూ చాచి మళ్లీ దగ్గరికి తేవడం. చిన్నపిల్లలకు మొదట నేర్పేవి ఇవే. ముప్పై ఏడేళ్ల బాలెరీనా కూడా రోజూ వీటితోనే మొదలుపెడుతుంది. చిరుగులు పడ్డ స్వెటర్లు, కాళ్లకు ఊలు తొడుగులు, జుట్టు ఎలా వస్తే అలా ముడి. స్టేజి మీద చూసిన మనుషులేనా అనిపిస్తుంది.

మా కంపెనీలో ఒకావిడ టాండ్యూ వేసే పద్ధతి చెప్తాను. పాదం బయటికి వెళ్లేటప్పుడు అందరూ సంగీతంతోనే వెళ్తారు. మడమ లేస్తుంది, పాదం ముందుభాగం లేస్తుంది, చివరికి వేళ్ల కొసలు మాత్రం నేలను తాకుతూ ఉంటాయి. తిరిగి వచ్చేటప్పుడు చాలామందికి తొందర. ఎలాగూ వచ్చేదే కదా అన్నట్టు లాగేసుకుంటారు. ఆవిడ మాత్రం నేలను వదలబుద్ధి కానట్టు తెచ్చేది. వేళ్లు, తర్వాత పాదం, చిట్టచివర మడమ. నేను వాయించిన ఆఖరి స్వరం పూర్తిగా అణిగేసరికి ఆ మడమ నేలకు ఆనేది, వెంట్రుకవాసి ముందూ కాదు, వెనకా కాదు. కొన్నాళ్లకు నేను ఆ పాదాన్ని చూసే స్వరం ముగించడం అలవాటు చేసుకున్నాను. ఎవరూ చూడని పొద్దుటి పూట, ఎవరూ చప్పట్లు కొట్టని అడుగుకి ఆవిడ పెట్టిన శ్రద్ధ అది. సాయంత్రం స్టేజి మీద మీకు ‘ఏదో ఉంది’ అనిపించేదంతా ఇలాంటి చోట్ల నుంచి వస్తుంది.

మీరు చూసిన స్వాన్ లేక్‌నే తీసుకుందాం. రాజభవనంలో విందు జరుగుతుండగా నల్ల హంస ఓడీల్ ఒంటికాలి మీద వరసగా 32 ఫుయెతేలు తిరుగుతుంది. 1895లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పెతిపా, ఇవానోవ్ ఈ బ్యాలేని కొత్తగా కూర్చినప్పుడు ఇటలీ డాన్సర్ పియెరీనా లెన్యానీ వీటిని అందులోకి తెచ్చింది. అప్పటి నుంచి ప్రేక్షకులు లెక్కపెడుతూనే ఉన్నారు. మీరూ లెక్కపెట్టే ఉంటారు. ఈసారి లెక్క మానేసి ఒక్క క్షణాన్ని గమనించండి. కాలు పక్కకు చాచినప్పుడు తిరిగే వేగమంతా ఆ కాలిలోకి వెళ్తుంది, ఒళ్లు మనవైపు ఆగినట్టు కనిపిస్తుంది. కాలు మోకాలి దగ్గరికి మడవగానే ఆ వేగం మళ్లీ ఒంటికి వచ్చి గిర్రున తిప్పుతుంది. మధ్యలో ఆగినట్టుండే ఆ కొంచెం సేపే డాన్సర్ సొంతం. ఓడీల్ అప్పుడు రాజకుమారుణ్ని మోసం చేస్తోంది. ఆ మోసంలోని సంబరం ముఖంలోకి రావడానికి ఉన్న చోటు అదొక్కటే.

ఒకసారి రిహార్సల్‌లో ఆ చివరి భాగాన్ని నేను మామూలు కన్నా కాస్త వేగంగా ఎత్తుకున్నాను. ఆ అమ్మాయి ఆపలేదు. 32 పూర్తి చేసింది, ఒక్కటీ తప్పలేదు. తర్వాత చెమట తుడుచుకుంటూ పియానో దగ్గరికి వచ్చి, “రెండో ఎనిమిది నుంచి నవ్వడానికి టైమ్ దొరకలేదండీ” అంది. అడుగులన్నీ పట్టాయి, నవ్వు పట్టలేదు. ఆ భాగాన్ని ఎలా వాయించాలో ఆ రోజు నాకు తెలిసింది. ఎలా చూడాలో కూడా.

తిరగడాలూ ఎగరడాలూ అసలు లేకుండానే బ్యాలే ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే ‘డైయింగ్ స్వాన్’ చూడండి. నృత్యాలు కూర్చే ఫోకిన్, డాన్సర్ అన్నా పావ్లోవా కోసం సెన్ సాన్స్ సంగీతానికి కూర్చిన చిన్న నృత్యం. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. దాదాపు అంతా మునివేళ్ల మీద వేసే చిన్న చిన్న అడుగులే, కాళ్లు వణుకుతున్నాయా నడుస్తున్నాయా అనిపించేలా. మిగతాదంతా చేతులూ, మెడా, వీపూ. పావ్లోవా చేసింది ఫిల్ము మీద మిగిలింది. మాయా ప్లిసెట్‌స్కాయా అనే డాన్సర్ దాన్ని డెబ్బై ఏళ్ల వయసులోనూ చేసింది. కండబలం మీదే ఆధారపడే విద్య అయితే ఆ వయసులో అది కుదరదు.

ఇక రిహార్సల్ గురించి. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకి అసలు జవాబు నాకు దొరికింది అక్కడే.

‘జిజెల్’ 1841లో పారిస్‌లో మొదటిసారి ఆడింది. సంగీతం అడోల్ఫ్ ఆడమ్‌ది. పల్లెటూరి అమ్మాయి జిజెల్, మామూలు కుర్రాడి వేషంలో వచ్చిన ఆల్బ్రెక్ట్ అనే దొరబిడ్డని ప్రేమిస్తుంది. మొదట్లో ఒక పువ్వు తీసుకుని రేకులు తుంచుతూ ‘ప్రేమిస్తున్నాడు, ప్రేమించట్లేదు’ అని లెక్కపెడుతుంది. లెక్క ‘ప్రేమించట్లేదు’ అని తేలబోతోందని చూసి బెంగపడుతుంది. అతను గుట్టుగా ఒక రేకు తీసేసి లెక్క సరిచేస్తాడు. ఆ అంకం చివర అతనికి వేరే పెళ్లి నిశ్చయమై ఉందని తెలిసి ఆమెకు మతి చలిస్తుంది. అప్పుడు లేని పువ్వుని చేతిలో పట్టుకుని మళ్లీ రేకులు తుంచుతుంది. కింద సంగీతంలో మొదటి పాటే వస్తుంది, కానీ విరిగి, ఆగి ఆగి.

ఒక అమ్మాయి ఆ పాత్ర మొదటిసారి వేస్తోంది. నేర్పుతున్నావిడ ఒకప్పుడు అదే పాత్ర వేసి రిటైరైన మనిషి. బ్యాలేలో పాత్రలు ఇలాగే ఒకరి ఒంటి నుంచి ఇంకొకరి ఒంటికి వస్తాయి. అడుగుల్ని కాగితం మీద రాసిపెట్టే పద్ధతులు ఉన్నాయి గానీ, చెయ్యి ఎందుకు ఆగిందో కాగితం చెప్పలేదు. ఆ మధ్యాహ్నమంతా మేం ఆ రేకులు తుంచే కాసింత సంగీతం మీదే ఉన్నాం. మొదటిసారి ఆ అమ్మాయి ఏడ్చింది, నిజంగానే కన్నీళ్లు వచ్చాయి. ఆవిడ ఆపి, “ఏడవకమ్మా. నీకేం జరిగిందో నీకింకా తెలీదు. నీ చేతిలో పువ్వుంది, అంతే” అంది. రెండోసారి ప్రతి స్వరానికీ ఒక రేకు చొప్పున లెక్కగా తుంచింది. పొందిగ్గా ఉంది, కానీ పిచ్చి కనపడలేదు, డాన్సే కనపడింది. ఇలా ఇంకో అయిదారుసార్లు.

అప్పుడావిడ నా దగ్గరికి వచ్చి చెవిలో, “ఈసారి మధ్యలో ఎక్కడో ఆపెయ్యండి, తనకి చెప్పకండి” అంది. నేను పాట ఎత్తుకుని నాలుగో రేకు దగ్గర చేతులు తీసేశాను. స్టూడియో నిశ్శబ్దమైపోయింది. ఆ అమ్మాయి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. బొటనవేలూ చూపుడువేలూ ఏదో పట్టుకున్నట్టు కలిసే ఉన్నాయి. తర్వాతి స్వరం కోసం ఎదురుచూస్తోంది. అది రాదని కళ్లకు ముందు తెలిసింది, వేళ్లకు ఇంకా తెలియలేదు. ఆవిడ ఏమీ అనలేదు, ఆ వేళ్ల వైపు చెయ్యి చూపించింది, అంతే.

ప్రదర్శన రోజు నేను హాల్లో కూర్చున్నాను. ఆర్కెస్ట్రా ఎక్కడా ఆగలేదు, ఆగదు కూడా. కానీ నాలుగో రేకు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. సంగీతం ముందుకు వెళ్లిపోయింది, ఆమె అక్కడే ఉండిపోయింది, తర్వాత ఉలిక్కిపడి దాన్ని అందుకుంది. హాలంతా ఊపిరి బిగపట్టడం నాకు వినిపించింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకి ఆ మధ్యాహ్నం సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

రిహార్సల్ చూడమని నేను అనేది ఇందుకే. స్టేజి మీద తేలిగ్గా కనిపించేదాని కోసం ఎన్ని పద్ధతులు వేసి చూసి పక్కన పెట్టారో అక్కడ కళ్లారా చూస్తారు. మంచి డాన్సర్లు రిహార్సల్‌లో అన్నీ పూర్తిగా చెయ్యరు కూడా. పెద్ద ఎగురుళ్లు వచ్చినప్పుడు ఒంట్లో శక్తి దాచుకోవడానికి చేతులతోనే అడుగులు చూపిస్తారు. దాన్ని మార్కింగ్ అంటారు. మీకు ఎప్పుడైనా కనిపిస్తే తప్పకుండా చూడండి. నిలబడ్డచోటే రెండు అరచేతులు కాళ్లలా కదులుతుంటాయి, భుజాలు మాత్రం అసలు నృత్యంలో ఉన్నంత నిండుగా ఉంటాయి.

కొన్నిసార్లు రిహార్సల్‌లో జరిగింది అలాగే నృత్యంలోకి వెళ్లిపోతుంది. 1934లో న్యూయార్క్‌లో కొరియోగ్రాఫర్ బాలన్‌చీన్ తన స్కూలు విద్యార్థులతో ‘సెరెనేడ్’ కూర్చాడు. మొదటి రోజు పదిహేడుమంది అమ్మాయిలు వచ్చారు, అందుకే మొదటి దృశ్యం పదిహేడుమందితోనే ఉంటుంది. ఒకరోజు ఒక అమ్మాయి ఆలస్యంగా వచ్చింది, ఇంకోసారి ఒకరు పడిపోయారు. రెండింటినీ అతను నృత్యంలోనే ఉంచేశాడు. ఈనాటికీ సెరెనేడ్‌లో ఒకరు ఆలస్యంగా వచ్చి తన చోటు వెతుక్కుంటారు.

ఒంటరి నృత్యాల మీదే దృష్టి పెట్టకండి. 1877 నాటి ‘లా బయదేర్’లో నీడల దృశ్యం ఉంది. తెల్లటి దుస్తుల్లో అమ్మాయిలు ఒక్కొక్కరే ఏటవాలు దారి మీద దిగుతారు. ఒంటికాలి మీద ముందుకు వాలి రెండో కాలు వెనక్కి చాచడం, తర్వాత వెనక్కి వంగడం, రెండు అడుగులు, మళ్లీ అదే. కంపెనీని బట్టి ఇరవై నాలుగు మంది, లేదా ముప్పై ఇద్దరు. మొదట దిగిన అమ్మాయి చివరి అమ్మాయి వచ్చేదాకా అదే చేస్తూ ఉండాలి. కొద్ది క్షణాలు ఆ వాలు మీద ఆమె ఒక్కతే. కాలు వణికితే హాలంతా చూస్తుంది. బ్యాలే మొత్తంలో ఇంతకన్నా కష్టమైన పని లేదని నా అభిప్రాయం. ఆ అమ్మాయి పేరు ప్రోగ్రాం కాగితంలో చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది. ఈ దృశ్యం రిహార్సల్‌లో ఒకసారి నన్ను వాయించొద్దని, వాళ్లని కళ్లు పక్కకి తిప్పొద్దని చెప్పారు. అంతమందీ వంగేముందు ఒక్కసారే ఊపిరి లోపలికి తీశారు. గదిలో గాలి కదిలినట్టు వినిపించింది. ఆ ఊపిరి ఒకటైతేనే చేతులు ఒకటవుతాయి.

జంట నృత్యంలో అందరూ ఆమెనే చూస్తారు. కాసేపు అతని చేతులు చూడండి. ఆమె ఒక కాలి కొస మీద నిలబడి ఉన్నప్పుడు ఆమె బరువు ఎటు జారుతోందో అతని వేళ్లకు ముందు తెలియాలి. బాగా చేసేవాడి సాయం బయటికి కనపడదు. ‘స్లీపింగ్ బ్యూటీ’లో రోజ్ అడాజియో అనే నెమ్మదైన నృత్యభాగం ఉంటుంది. కథానాయిక అరోరా ఒంటికాలి మీద నిలిచి ఉండగా నలుగురు రాజకుమారులు ఒకరి తర్వాత ఒకరు చెయ్యి అందిస్తారు. మధ్యలో ఏ సాయమూ లేకుండా నిలబడాలి. కొందరు డాన్సర్లు ఆ చేతిని ఎంత గట్టిగా పట్టుకుంటారంటే రాజకుమారుడి మోచెయ్యి కూడా అదురుతుంది. గొప్పవాళ్లు ఒక్కొక్క కుర్రాడి ముఖం వైపు నిజంగా చూస్తారు. పదహారేళ్ల పిల్ల మొదటిసారి పెళ్లికొడుకుల్ని చూస్తోందని అప్పుడే మనకు గుర్తొస్తుంది.

ఎగురుళ్ల గురించి ఒక్క మాట. ఎంత ఎత్తు ఎగిరారన్నది కాదు, ఎంత నిశ్శబ్దంగా దిగారో వినండి.

మీరు ఆ మునివేళ్ల బూట్ల గురించి కూడా అడిగారు. లోపల చెక్కా ఉండదు, ఇనుమూ ఉండదు. మామూలుగా గుడ్డా, అట్టా, జిగురూ పొరలు పొరలుగా అంటించి గట్టిపరిచిన కొన, కింద గట్టి అడుగు. పాతకాలపు పద్ధతిలో చేసినవాటికి కుడీ ఎడమా తేడా కూడా ఉండదు. కొత్త జత వచ్చాక డాన్సర్ దాన్ని తన పాదానికి లొంగదీసుకోవాలి. నేల మీద ఉన్న ఒక అమ్మాయిని చూస్తూ నేను చాలా విరామ సమయాలు గడిపాను. రిబ్బన్లు తనే కుట్టుకుంటుంది, పళ్లతో దారం తెంపుతుంది. బూటు అడుగుభాగాన్ని రెండు చేతులా వంచి చూస్తుంది. చప్పుడు రాకుండా కొనని మెట్టు అంచుకేసి కొడుతుంది. జారకుండా కొన మీద శాటిన్ కోసేసి, చుట్టూ గట్టి దారంతో కుడుతుంది. పెద్ద పాత్ర అయితే ఇంత పనీ ఒక్క ప్రదర్శనతో అయిపోతుంది. మర్నాడు మళ్లీ ఇంకో జత.

స్టూడియో నుంచి స్టేజి మీదికి వచ్చేసరికి అంతా మారిపోతుంది. ఎదురుగా అద్దం ఉండదు, చీకటి ఉంటుంది. తిరిగేటప్పుడు చూపు నిలపడానికి పట్టుకున్న గుర్తు పోతుంది. పక్కల నుంచి లైట్లు కళ్లలో పడతాయి. కొన్ని పాత థియేటర్లలో స్టేజి ప్రేక్షకుల వైపు వాలుగా ఉంటుంది. పారిస్ పాలే గార్నియేలో ఆ వాలు అయిదు శాతం. స్టూడియోలో రాయిలా నిలబడ్డ డాన్సర్ మొదటి స్టేజి రిహార్సల్‌లో తూలడం చూశాను. ఎవరూ దాన్ని తప్పనరు, మళ్లీ ఒంటికి నేర్పుకుంటారు.

స్టేజి పక్కన తెరల చాటున నిలబడి చూసే అవకాశం మీకెప్పుడైనా వస్తే వదులుకోకండి. నవ్వుతూ, గాలిలో తేలుతున్నట్టు బయటికి వెళ్లిన మనిషి తెర దాటిన మరుక్షణం మోకాళ్ల మీద చేతులు వేసి వంగిపోతుంది. పక్కటెముకలు ఎగిసిపడుతుంటాయి. ఎవరో టవల్‌తో వీపు అద్దుతారు. ఆమె బూటు కొనని, జారకుండా ఉండేందుకు, రోజిన్ అనే జిగట పొడిలో రెండుసార్లు రుద్దుతుంది. బయట ఆర్కెస్ట్రా చప్పట్లు ఆగేదాకా చూసి తర్వాతి భాగం ఎత్తుకుంటుంది. ఎనిమిది లెక్కలు. అయిదో లెక్క దగ్గర ఆమె నిటారుగా లేస్తుంది. ఆరు దగ్గర నోరు మూసి ముక్కుతో ఊపిరి తీస్తుంది. ఏడు దగ్గర భుజాలు దిగుతాయి, మెడ పొడవవుతుంది. ఎనిమిది దగ్గర ముఖంలోకి వెలుగొస్తుంది. లైట్లోకి అడుగు పెడుతుంది. నేను చూసిన బ్యాలేలన్నిటిలోకీ అందమైన ఎనిమిది లెక్కలు అవే, ఒక్క టికెట్టు కూడా వాటికి అమ్మరు.

మీకు దగ్గరలో కంపెనీ లేకపోయినా రిహార్సల్స్ చూడొచ్చు. 2014 నుంచి వరల్డ్ బ్యాలే డే పేరుతో పెద్ద కంపెనీలు క్లాసులూ రిహార్సల్స్ ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపిస్తున్నాయి. క్లాసు భాగాన్ని దాటేసి వెళ్లకండి. బార్ దగ్గర ఒక్క మనిషిని ఎంచుకుని చివరిదాకా ఆ ఒక్కరినే చూడండి.

ఈసారి టికెట్ కొనేటప్పుడు వీలుంటే ఒకే వారంలో రెండుసార్లు, ముఖ్య పాత్ర వేరే డాన్సర్ వేసే రోజు చూసుకుని వెళ్లండి. చాలా కంపెనీల్లో రోజుకొకరు వేస్తారు. మొదటిరోజు పై అంతస్తులో కూర్చోండి, గుంపు నృత్యాల వరసలు, ఆకారాలు అక్కడి నుంచే కనిపిస్తాయి. రెండోరోజు కిందకి, ముందుకి రండి. నన్నడిగితే జిజెల్‌తో మొదలుపెట్టండి. పువ్వు దగ్గర పాట బాగా విని గుర్తుపెట్టుకోండి. అంకం చివర అది మళ్లీ వచ్చినప్పుడు ముఖం వదిలేసి వేళ్లు చూడండి. ఇద్దరిలో ఎవరి చెయ్యి ఎన్నో రేకు దగ్గర ఆగిందో నాకు రాయండి.